గాబరా గోలి

మా చెల్లెలి కూతురు ఈమధ్యే ఫార్మసీ చదువు ముగించి చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రిలో చేరింది. చేరిన కొత్తలోనే ఇంటికొచ్చి, "పెద్దమ్మా, అంతా కంప్యూటరే. చీటీ చూడాలె, డబ్బా తియ్యాలె, ఇయ్యాలె. గింతే పని" అంది. నాకు ఒళ్లు మండింది. "గింతే పనైతే నాకు ఇన్నేండ్లు జీతం ఎందుకిచ్చిండ్రే, నా మొఖం చూసా?" అన్నాను. పిల్ల నవ్వి ఫోన్ చూసుకుంది. ఆ కోపంలోనే ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే కోపం దిగిపోయి, ఎవరెవరికి నేను రుణపడి ఉన్నానో వాళ్లే గుర్తొస్తూ పోయారు.

నేను మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా రాజురా అవతల బొగ్గు గనుల ఆసుపత్రిలో, మందుల కిటికీ వెనక నిలబడి బతుకంతా గడిపినదాన్ని. మా నాయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి ఇటు వచ్చాడు. నేను పుట్టడం, మరాఠీ బడిలో చదవడం, ఉద్యోగం, రిటైర్మెంటు అన్నీ ఈ జిల్లాలోనే అయ్యాయి. గని జనానికి నేను కంపౌండరమ్మను. తెలుగువాళ్లు అక్కా అనేవాళ్లు, మరాఠీవాళ్లు తాయీ అనేవాళ్లు. కోపమొచ్చినప్పుడు మాత్రం అందరూ మేడం అనేవాళ్లు.

మా వైపు పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చుగాని చదవడం అంతంతమాత్రం. అయినా తెలుగులోనే రాస్తున్నాను. చదవలేనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లతో చదివించుకుంటే ఇద్దరికీ పొద్దుపోతుంది.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవే తక్కువ. ఒక్క మందు గురించి చెబుతాను. దాన్ని సరిగ్గా ఇవ్వడం చేతనైతే మిగతావన్నీ చేతనవుతాయని నా నమ్మకం. దాని పేరు డయాజెపాం. మా గని జనం నోట్లో అది గాబరా గోలి.

గాబరాకు గాబా

ముందు గాబరా అనే మాట సంగతి చూడండి. బిడ్డ పరీక్ష తప్పినా మావాళ్లకు గాబరాయే, బీపీ పెరిగినా గాబరాయే, కడుపులో మంట లేచినా గాబరాయే. నిజంగా గుండెపోటు వచ్చిన మనిషి కూడా "జర గాబరైతుందక్కా" అనే అంటాడు. అందుకని ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి, "గాబరైతుంది, ఆ గోలి ఒకటియ్యి" అంటే చెయ్యి డబ్బా మీదికి పోకూడదు. ముందు డాక్టరు చూడాలి, ఈసీజీ తీయాలి. గుండెది కాదు, మనసుది అని తేలిన తరువాతే మన పని.

మెదడులో గాబా అనే పదార్థం ఒకటి ఉంది. నరాల హడావిడిని తగ్గించడం దాని పని. డయాజెపాం ఆ గాబాకు బలమిస్తుంది. మొదటిసారి పుస్తకంలో ఇది చదివినప్పుడు క్లాసులోనే నవ్వాను. గాబరాకు మందు గాబా! పరీక్షలో ఎన్ని మరిచిపోయినా ఈ ఒక్క జవాబు మరిచిపోలేదు.

పొంగే పాల మీద నీళ్లు చిలకరిస్తే ఎట్లా దిగుతాయో ఈ గోలి పనితనం అట్లాంటిది. పొంగు దిగుతుంది. మంట తగ్గించకపోతే పాలు మళ్లీ పొంగుతాయి. కాసేపు వ్యవధి దొరికింది కదా, ఆ లోపల పొయ్యి చూసుకోవాలి. ఈ మందు వాడకం అంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. కొద్ది రోజులకే, చిన్న మోతాదులో, డాక్టరు చెప్పినంతే.

మనసుకు మాత్రమే కాదు. బరువెత్తబోయి నడుము పట్టేసిన కార్మికుడికి ఆ కండరాలను సడలిస్తుంది. తాగుడు మానేసినవాడి చేతుల వణుకును ఆపుతుంది. ఇక మూర్ఛ వచ్చి ఆగని మనిషికి సూదిమందుగా ఇస్తే ప్రాణదాతే. ఒకసారి కాంట్రాక్టు పనివాడిని మూర్ఛలోనే తెచ్చారు. కొత్తగా వచ్చిన సిస్టర్ తొందరలో డయాజెపాం సూదిమందును సెలైన్‌లో కలిపింది. అది పాలలాగా తెల్లబడింది. ఆ మందు నీళ్లతో కలవదు, విరిగిపోతుంది. మా పెద్ద డాక్టర్ వాఘ్‌మారే సర్ దాన్ని పక్కన పారేయించి, ఇంకొకటి తెప్పించి, నరంలోకి ఎక్కిస్తూ "హళూ, హళూ" అని తన చేతికి తానే చెప్పుకున్నారు. మెల్లగా, మెల్లగా అని. తొందరగా ఎక్కిస్తే ఊపిరి మందగిస్తుంది. పనివాడి ఒళ్లు సడలి, పళ్లు విడివడ్డాయి. సిస్టర్ ఏడుస్తూ నిలబడింది. సర్ ఆమెను తిట్టలేదు. "తెల్లబడింది చూశావుగా, ఇక జన్మలో మరిచిపోవు" అన్నారు. నాకూ అట్లానే గుర్తుండిపోయింది.

ప్రేమతో పంచుకునే జబ్బు

మనవాళ్లకు కూర మిగిలితే పక్కింటికి పంపే మంచి గుణం ఉంది. ఆ గుణం గోలీల దగ్గర పనికిరాదు. కోర్పనా నుంచి ఒక ముసలమ్మను తుంటి విరిగి తెచ్చారు. కొడుకు మా గనిలో ఎలక్ట్రీషియన్. కోడలికి నడుము పట్టేస్తే ఈ గోలి రాసిచ్చారు. అత్తకు నిద్ర పట్టడం లేదని కోడలు తన గోలీలు అత్తకు ఇవ్వడం మొదలుపెట్టింది. ముసలమ్మ మంచిగా పడుకుంది. పొద్దున లేచి పెరట్లోకి పోతూ తూలి పడింది.

కోడలు కిటికీ ఊచలు పట్టుకుని, "నిద్రలేక తిప్పలైతుందని ఇచ్చిననక్కా" అని ఏడ్చింది. నిజమే, ప్రేమతోనే ఇచ్చింది. ఈ మందును ఎక్కువమంది ప్రేమతోనే ఇస్తారు.

ముసలి ఒంట్లో ఈ మందు తొందరగా కరగదు. ఇవాళ మింగింది రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. దాని మీద ఇంకొకటి పడితే పేరుకుంటుంది. పడుచు ఒంట్లో కూడా చాలా గంటలు నిలుస్తుంది. అందుకే ఈ మందు వేసుకుని బండి నడపొద్దు, యంత్రం దగ్గర నిలబడొద్దు అని చెప్పాలి. ఇక ఇప్పసారాతో కలిస్తే మరీ చెడ్డది. రెండూ నిద్రవైపే లాగుతాయి, కలిసి ఊపిరి తీసుకోవడమే మరిపిస్తాయి.

వారాల తరబడి రోజూ వేసుకుంటే ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది. అట్లా పడ్డాక ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పాత గాబరా రెట్టింపై వస్తుంది, కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. కాబట్టి డాక్టరు చూస్తుండగా మోతాదు కొంచెం కొంచెం తగ్గిస్తూ మానాలి. ఫార్మసీ చదివిన పిల్లలకు ఇదంతా చదువులో చెప్పే ఉంటారు. చెప్పనిది కొమురయ్య అనే గని కార్మికుడి దగ్గర నేర్చుకున్నాను.

పేరుకు పులి

కొమురయ్య కన్నా ముందు వాఘ్‌మారే సర్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. వాఘ్‌మారే అంటే మరాఠీలో పులిని చంపినవాడని అర్థం. పేరుకే పులిని చంపినవాడు, మనిషి మాత్రం గుమ్మంలో పడుకున్న పిల్లిని లేపడం ఇష్టంలేక పక్క తలుపు నుంచి వచ్చేవారు. నాకు చాలామంది పెద్ద డాక్టర్లు బాస్‌లుగా వచ్చారు. కొందరు మందుల కిటికీ ఎటువైపు ఉందో కూడా తెలియకుండానే బదిలీ అయిపోయారు. ఈయన వచ్చిన రోజే కిటికీ దగ్గరికొచ్చి, "తాయీ, నా చేతిరాత బాగుండదు. అర్థం కాకపోతే ఊహించొద్దు, లోపలికొచ్చి అడగండి, ఎంతమంది పేషెంట్లున్నా సరే" అన్నారు. ఆ మాట ఉత్త మాట కాదని తరువాత తెలిసింది.

దివసా, దివసాఆడ్

కొమురయ్య డంపర్ ఆపరేటర్. గనిలో తవ్విన మట్టిని ఇల్లంత బండిలో మోసి, కుప్ప అంచున వెనక్కి ఆనించి పోయడం పని. ఒక వానాకాలం అతని ముందు నడుస్తున్న బండి ఆ అంచు నుంచి కిందికి జారింది. దాంట్లో ఉన్నది అతని జోడీదార్, జత పనివాడు వీరేశం. అందరికన్నా ముందు బురదలో కిందికి దిగింది కొమురయ్యే. వీరేశం బతకలేదు.

తరువాత కొమురయ్య డంపర్ ఎక్కితే చాలు, వెనక్కి తీసేటప్పుడు మోగే హారన్ వినగానే చేతులు చచ్చుబడేవి. సర్ అతన్ని బండి దింపి స్టోర్స్‌లో లైట్ డ్యూటీ వేయించి, కొద్ది రోజులకని డయాజెపాం రాశారు, రోజూ వచ్చి మాట్లాడి పొమ్మన్నారు. కొమురయ్య మాట్లాడడానికి రావడం మానేశాడు. గోలి మానలేదు. బయట ఎక్కడో కొనుక్కుంటూ నెలలు గడిపాడు. ఒకరోజు నేను మగవాణ్ణి కానా అనుకుని ఒక్కసారిగా మానేసి, వణుకుతూ మా దగ్గరికే వచ్చి పడ్డాడు. అప్పుడు సర్ సరిగ్గా మొదలుపెట్టారు. రాత్రిపూట గోలి, మెల్లమెల్లగా తగ్గిస్తూ.

అంతా బాగానే నడిచింది. చివరి మెట్టు దగ్గర సర్ చిన్న గోలి రాసి, "ఆతా హీ గోళీ దివసాఆడ్ ఘ్యా" అన్నారు. ఇక ఈ గోలి దివసాఆడ్ వేసుకోండి అని. దివసాఆడ్ అంటే మరాఠీలో రోజు విడిచి రోజు. దివసా అని ఆపేస్తే పగటిపూట అని అర్థం. కొమురయ్యకు మరాఠీ గనిలో చెవిన పడి వచ్చిందేగాని బడిలో వచ్చింది కాదు. దివసా వరకు విన్నాడు, మిగతాది విడిచిపెట్టాడు. నేనా రోజు సెలవు మీద భద్రావతిలో బంధువుల పెళ్లిలో ఉన్నాను. కిటికీలో ఉన్నా కూడా పట్టుకునేదాన్నని చెప్పలేను, మా అందరికీ అది రోజూ వినే మాటే.

కొన్నాళ్లకు మధ్యాహ్నం భోజనాల ముందు కొమురయ్య కిటికీ దగ్గరికొచ్చాడు. కొత్త అంగీ, నున్నగా గీసిన గడ్డం.

"అక్కా, గోలీలు ఒడిసినయ్. ఇయ్యాల సర్ ఫిట్ అని చీటీ ఇస్తడు. రేపటి సంది బండి మీదనే."

నేను సంతోషంగానే నవ్వబోయాను. అప్పుడే ఒడిసినయా అనిపించింది. చీటీలో ఉన్నది రోజు విడిచి రోజు, అట్లయితే ఇంకా సగం మిగలాలి. అతని కళ్లు చూశాను. రెప్పలు బరువుగా వాలుతున్నాయి, మాట కొంచెం జీరగా ఉంది.

"ఎట్ల తిన్నవ్ కొమురయ్యా?"

"పొద్దుగాల, చాయ్ తాగినంక."

"పొద్దుగాలనా? రోజూనా?"

"రోజూనే. సర్ దివసా అన్నడు గద."

ఆ పొద్దున కూడా మింగే వచ్చాడు. అది దివసా కాదు, దివసాఆడ్ అని, దానర్థం ఏమిటో తెలుగులో చెప్పాను. కొమురయ్య ముఖంలో రంగు పోయింది. వెంటనే గొంతు తగ్గించి, ఊచల దగ్గరికి వంగాడు.

"చెప్పకక్కా. ఒడిసినయ్ గద, ఇగ తిన. రేపటి సంది ఏం ఫరక్ పడతది?"

ఫరక్ పడుతుంది. రోజూ పడ్డ మందు ఒంట్లో పేరుకుని ఉంది, అది రేపటికి పోదు. పోతూ ఉన్నప్పుడు కూడా, ఉన్నట్టుండి ఆపేసినందుకు, వణుకో మూర్ఛో వస్తే అది ఎక్కడ వస్తుంది? ఇల్లంత బండి మీద, కుప్ప అంచున వస్తుంది. అది చెప్పాను.

"ఈసారి ఫిట్ కాకుంటే మెడికల్ బోర్డుకు రాస్తరక్కా. బండి పోతది. తట్టలు మోసే జనరల్ మజ్దూర్ చేస్తరు. నాకు బండి తప్ప ఇంకేం రాదు. నీ కాళ్లు మొక్కుత."

అతని బాధ నిజం. బోర్డుకు పోయినవాళ్లు మళ్లీ బండి ఎక్కడం నేనెక్కువ చూడలేదు. వీరేశం పోయాక అతనికి ఆ సీటు మీద కూర్చోవడమంటే డ్యూటీ ఒక్కటే కాదు, తాను ఇంకా మనిషినే అని రుజువు. అది నాకు తెలుసు. తెలిసి కూడా కిటికీ తలుపు మూసి, సర్ గదివైపు నడిచాను. కొమురయ్య వెనకే వస్తూ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"తెలుగామెవని కడుపుల ఉన్నది చెప్పుకుంటే, కడుపు మీదనే కొట్టినవ్ మేడం."

సర్ గదిలో

సర్ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొమురయ్య నేలచూపులు చూస్తున్నాడు. సర్ కుర్చీ చూపించి, "బసా" అన్నారు. పెద్దవాళ్లను కూర్చోమనే మర్యాద మాట అది. తరువాత అడిగారు.

"నేను చెప్పింది మీకెట్లా వినిపించిందో, అట్లానే ఒకసారి చెప్పండి."

కొమురయ్య చెప్పాడు. దివసా అని, అక్కడ ఆగి. సర్ తల ఊపి మరాఠీలో అన్నారు, "తప్పు ఇతనిది కాదు, నా మాటది." తరువాత నావైపు తిరిగి, "తాయీ, తెలుగులో దాన్నేమంటారు?"

"రోజు విడిచి రోజు అంటాం సర్."

"రోజు విడ్సీ రోజు," అన్నారు సర్. ఆయన నోట్లో అది ఏదో కొత్త ఊరి పేరులా పలికింది. రెండు మూడుసార్లు అనుకున్నారు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది, కొమురయ్యకు రాలేదు.

ఫిట్ ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. కానీ సర్ అక్కడితో ఆగలేదు. మా ఇద్దరి ముందే గని మేనేజర్‌కు ఫోన్ చేశారు. "వైద్యం ఇంకా పూర్తికాలేదు. ఆలస్యం నా వల్ల జరిగింది, నేను చెప్పిన మాట పేషెంటుకు సరిగా అందలేదు. అతన్ని బోర్డుకు పంపొద్దు, నేను బాధ్యత తీసుకుంటాను" అన్నారు. అవతల మేనేజర్ ఏదో గట్టిగానే అన్నాడు. సర్ చెవి ఎర్రబడింది. అయినా అదే మాట మళ్లీ చెప్పారు. పేషెంటుకు మరాఠీ అర్థం కాలేదని ఒక్క మాట అంటే తన మీద పడేది కాదు. ఆ మాట ఆయన అనలేదు. నా సర్వీసంతటిలో ఒక పెద్ద మనిషి చేయగా చూసిన పెద్ద పని నాకదే. ఈరోజుకూ తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

కొమురయ్యకు మాత్రం ఆ రోజు ఆ ఫోన్ వినిపించినట్టు లేదు. బండి పోయిందన్నదే వినిపించింది. లేచి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

చంద్రుడు, సున్నా

మర్నాటి నుంచి మా ఆసుపత్రిలో ఒక పద్ధతి వచ్చింది. మందు ఇచ్చాక పేషెంటు తన భాషలో, తన మాటల్లో, ఎట్లా వేసుకుంటాడో తిరిగి చెప్పాలి. "అర్థమైందా?" అని అడగడం నిషేధం. ఎందుకంటే మనవాళ్లు అర్థం కాకపోయినా తల ఊపుతారు. డాక్టరును మళ్లీ అడిగితే ఏమనుకుంటాడో అని మర్యాద. ఆ మర్యాదే ఎక్కువ ప్రాణాలు తీస్తుందని సర్ అనేవారు. మొదట్లో కిటికీ దగ్గర లైన్ పెరిగింది, నన్ను తిట్టనివాళ్లు లేరు. నేనూ ఊరుకోలేదు. "సినిమా టికెట్టుకైతే గంట నిలబడతవ్, నీ పానానికి నిలబడవా?" అనేదాన్ని.

కొమురయ్య కవరు మీద సర్ తన చేత్తో బొమ్మ గీశారు. ఒక చంద్రుడు, పక్కన సున్నా, మళ్లీ చంద్రుడు, మళ్లీ సున్నా. చంద్రుడున్న రాత్రి గోలి, సున్నా ఉన్న రాత్రి ఏమీ లేదు. ఎంత బాగుందో అని మేమంతా మురిసిపోయి అందరికీ గీయడం మొదలుపెట్టాం. తరువాత ఒక పెద్దాయన బీపీ గోలి అమావాస్య నాడు మానేశాడు. కవరు మీద చంద్రుడున్నాడు, ఆకాశంలో లేడు మరి. కాబట్టి బొమ్మ గీసినా సరే, తిరిగి చెప్పించుకోవాల్సిందే.

కొమురయ్య కిటికీ దగ్గరికి రాలేదు. గోలీలకు అతని భార్య వచ్చేది. ఎట్లా వేయాలో తప్పులేకుండా తిరిగి చెప్పేది. ఒకసారి కవరు కొంగున కట్టుకుంటూ, "ఆయన మీ మీద మస్తు కోపంగున్నడక్కా" అంది.

"ఉండనీ. గోలి సరిగ్గ పడుతుందా?"

"నేనే ఇస్తున్న. సున్నా ఉన్ననాడు నిద్ర పడతలేదు ఆయనకు. లేచి కూసుంటడు. వీరేశమన్న పేరు తీస్తడు. ఇన్ని దినాలు ఆ పేరే తియ్యలేదక్కా."

గోలి తగ్గుతున్నకొద్దీ అది అణిచిపెట్టిన దుఃఖం బయటికొస్తోంది. సర్‌కు చెప్పాను. ఆయన వారం వారం కొమురయ్యను పిలిపించి కూర్చోబెట్టి వినడం మొదలుపెట్టారు. ఆయన మరాఠీలో, కొమురయ్య తెలుగులో. ఎంత అర్థమయ్యేదో ఇద్దరికే తెలియాలి. నన్ను ఒక్కసారి కూడా లోపలికి పిలవలేదు.

డంపర్ నిచ్చెన

గోలి పూర్తిగా ఆగిపోయి, ఒళ్లు కుదుటపడేవరకు సర్ తొందరపడలేదు. తరువాత కూడా నేరుగా బండి ఎక్కించలేదు. మొదట కుప్పదాకా నడిచి రమ్మన్నారు. ఆ తరువాత ఆగి ఉన్న డంపర్‌లో ఊరికే కూర్చోమన్నారు. ఆ రోజు తానూ వెంట వెళ్లారు. ఇది సర్ నాకు స్వయంగా చెప్పింది.

డంపర్ క్యాబిన్‌కు ఇనుప నిచ్చెన ఎక్కి పోవాలి. సర్ సగం ఎక్కి కిందికి చూశారు. ఆయనకు ఎత్తులంటే భయం. ఆ సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదట. కమ్మీ పట్టుకుని అక్కడే అతుక్కుపోయారు. కొమురయ్య పైనుంచి అవతలి పక్కగా దిగి, ఆయన కిందికి వచ్చి, ఒక్కొక్క మెట్టు మీద ఆయన చెప్పు తన చేత్తో పెట్టిస్తూ కిందికి దించాడట. దించి, "సర్, మీక్కూడా గాబరైతదా?" అన్నాడట.

"అవుతుందయ్యా. కాదని ఎవరన్నారు?" అన్నారట సర్.

ఆ ప్రమాదం తరువాత కొమురయ్య నవ్వడం అదే మొదటిసారి అని సర్ చెప్పారు. చెబుతూ తానూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పెద్ద డాక్టరు భయపడడం చూశాక, తాను భయపడడం తప్పు కాదని ఆ మనిషికి అనిపించి ఉంటుంది. అంత పని ఏ మోతాదు డయాజెపామూ చేయదు.

కొన్నాళ్లకు సర్ అతనికి ఫిట్ ఇచ్చారు. మొదట సూపర్‌వైజర్ పక్కన కూర్చుని నడిపాడు, తరువాత ఒంటరిగా. ఇదంతా నాకు ఇతరుల నోట తెలిసిందే. కొమురయ్య ఇంకా కిటికీ వైపు రాలేదు. అతను నన్ను క్షమించకపోయినా పరవాలేదు, బండి మీద ఉన్నాడు కదా అని సరిపెట్టుకున్నాను. పూర్తిగా సరిపెట్టుకోలేకపోయానన్నది కూడా నిజం.

పత్తా

చలి మొదలైన ఒకరోజు, మొదటి షిఫ్ట్ దిగిన జనం ఇళ్లకు పోతున్న వేళ, కొమురయ్య కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా మట్టి, హెల్మెట్ చంకలో. జేబులోంచి ఏదో తీసి ఊచల మధ్య నుంచి నావైపు చాచాడు. డయాజెపాం పత్తా, గోలీల అట్ట. మాది కాదు, బయట కొన్నది, పాతది. అంచులు అరిగి, వెండిరంగు పోయి ఉంది. రెండు గోలీలు తప్ప మిగతావన్నీ అట్లానే ఉన్నాయి.

నా ముఖం మారడం చూసి, "తినలేదక్కా. ఒట్టు. ఆ రెండు మునుపటియే" అన్నాడు.

"మరి ఎందుకు పెట్టుకున్నవ్?"

"ధైర్యానికి. ఫిట్ ఇచ్చిన నాటి సంది అంగీ జేబులనే పెట్టుకొని నడిపిన. తినకున్నా, ఉన్నదంటే చాలనిపించేది. ఏమైనా అయితే ఉన్నది గద అని."

కోప్పడాలో, సంతోషించాలో తెలియలేదు. అతనే మళ్లీ చెప్పాడు.

"నిన్న షిఫ్ట్ దిగినంక జేబుల చెయ్యి పెట్టిన. లేదు. ఇంటికి పోయి చూస్తే ఉతికే బట్టలల్ల ఉన్నది. అంటే పొద్దంత అది లేకుండనే బండి నడిపిన అక్కా. నాకు తెల్వనే తెల్వదు."

"గాబరా కాలేదా?"

"అయింది. అంచు కాడికి ఎనకకు తీసినప్పుడల్లా అయితది. వీరేశం యాదికొస్తడు. రానీ, వాడు నా జోడీదారే గద."

అట్లా అని హెల్మెట్ పెట్టుకుని, పత్తా మళ్లీ ముందుకు చాచాడు. ఆ కిటికీకి జనం వచ్చేది తీసుకుపోవడానికి. ఇన్నేళ్లలో లక్షల గోలీలు ఈ చేత్తో బయటికి పంపాను, ఒక మనిషి తిరిగి తెచ్చి ఇవ్వడం అప్పటిదాకా చూడలేదు. ఊచల మధ్య నుంచి తీసుకోబుద్ధి కాలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చి, అతని ముందు నిలబడి, రెండు చేతులూ చాచి ఆ పత్తా పుచ్చుకున్నాను.